కవచం కింద కొలిమి

1940 జూలై 9. ఇటలీ దక్షిణ కొసన, కలాబ్రియా తీరానికి దూరంగా రెండు నౌకాదళాలు ఎదురుపడ్డాయి. సాయంత్రం నాలుగు కావస్తుండగా బ్రిటిష్ యుద్ధనౌక ‘వార్‌స్పైట్’ పేల్చిన 15 అంగుళాల గుండు ఒకటి దాదాపు 24 కిలోమీటర్లు ప్రయాణించి ఇటలీ నౌక ‘జూలియో చెజారె’ పొగగొట్టం దగ్గర పడింది. పరుగెత్తే ఓడ మీంచి పరుగెత్తే ఓడను అంత దూరాన కొట్టడం నౌకాయుద్ధ చరిత్రలో చాలా అరుదు. అందుకే ఈ యుద్ధం గురించి రాసినవాళ్ళంతా ఆ దూరాన్నే లెక్కగట్టి మురిసిపోతారు. ఆ తర్వాత ఓడ అడుగున జరిగినది నాకు అంతకన్నా ముఖ్యంగా తోస్తుంది.

ఆ గుండు కవచాన్ని చీల్చలేదు, ఇంజన్‌ను తాకలేదు. పైన మంటలు లేచాయంతే. కింద బాయిలర్లకు గాలి అందించే పెద్ద పెద్ద ఫ్యాన్లు ఆ పొగను లోపలికి పీల్చేశాయి. ఊపిరాడక సిబ్బంది నాలుగు బాయిలర్లను వదిలేశారు. ఉన్నవే ఎనిమిది. 27 నాట్ల వేగంతో వెళ్ళగల ఓడ 18 నాట్లకు పడిపోయింది (నాటంటే గంటకు 1.85 కిలోమీటర్లు). ఇటలీ అడ్మిరల్ కాంపియోని తన దళాన్ని వెనక్కి తిప్పేశాడు.

నిజానికి ఆ రెండు ఓడలూ పాతవే. చెజారె 1914లో, వార్‌స్పైట్ 1915లో కొలువులో చేరాయి. కొత్తలో ఒక్కోదాని కడుపులో 24 బాయిలర్లుండేవి. 1937లో మరమ్మతు పూర్తయి రేవు నుంచి బయటికొచ్చేసరికి చెజారెలో మిగిలినవి ఎనిమిది, వార్‌స్పైట్‌లో ఆరు. పైగా రెండిట్లోనూ ఇంజన్ల బలం మునుపటికన్నా పెరిగింది. పేరు పాతది, పొట్ట పాతది, లోపలి యంత్రాలు మాత్రం పూర్తిగా కొత్తవి. 1930లలో బ్రిటన్, ఇటలీ, జపాన్ చేసిన ఈ పనిలో ఒక విషయం స్పష్టంగా కనబడుతుంది. బాయిలర్ గదిలో ఆదా అయిన బరువునూ చోటునూ దేనికి ఖర్చుపెట్టాలన్నది ఇంజనీర్ల లెక్క కాదు. ఆ దేశం దేనికి భయపడుతోందో, దేనిమీద ఆశపడుతోందో దాన్నిబట్టే తేలింది.

కొత్త ఓడలు కట్టుకోకుండా పాతవాటి కడుపు ఎందుకు కోశారంటే, కట్టుకోనివ్వలేదు గనక. 1922 నాటి వాషింగ్టన్ ఒప్పందం పెద్ద యుద్ధనౌకల నిర్మాణానికి పదేళ్ళు సెలవు ప్రకటించింది. 1930లో లండన్ ఒప్పందం ఆ సెలవును 1936 దాకా పొడిగించింది. బాయిలర్ విలువ ఆ ఒప్పందాలు రాసినవాళ్ళకు బాగా తెలుసు. జపాన్ తన యుద్ధనౌక ‘హియీ’ని శిక్షణ నౌకగా దించుకోవాల్సి వచ్చినప్పుడు కొన్ని ఫిరంగులూ పక్క కవచమూ తీసేయడంతో సరిపోలేదు. బాయిలర్లలో చాలావాటిని పెరికేసి, వేగాన్ని 18 నాట్లకు కుదించాల్సి వచ్చింది. కోరలు పీకడమంటే ఫిరంగులు తీయడమొక్కటే కాదన్నమాట.

ఇరవై నాలుగు ఆరెలా అయ్యాయి?

అప్పటి నౌకల బాయిలర్ ఆకారం చెప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. పైన ఒక పెద్ద ఆవిరి డ్రమ్ము, కింద రెండు చిన్న నీటి డ్రమ్ములు. పైదాన్నీ కిందివాటినీ కలుపుతూ వందలాది సన్నటి ఉక్కు గొట్టాలు పూరిపాక కప్పులా రెండువైపులా వాలి ఉంటాయి. ఆ కప్పు కింద మంట. గొట్టాల్లో నీరు మరిగి ఆవిరై పైడ్రమ్ముకు చేరుతుంది, అక్కణ్ణుంచి టర్బైన్‌కు వెళ్తుంది, తిరిగి కండెన్సర్‌లో చల్లబడి నీరై మళ్ళీ బాయిలర్‌కే వస్తుంది.

బొగ్గు కాలంలో బాయిలర్‌ను ఇష్టమొచ్చినంత పెద్దది చేయడానికి వీల్లేదు. పొయ్యి లోతు ఎంతుండాలన్నది మనిషి చేతిలోని పార నిర్ణయించేది. మంట వెనక కొసకి బొగ్గు విసరగలిగినంత మేరకే పొయ్యి. అందుకే శక్తి కావాలంటే బాయిలర్ల సంఖ్య పెంచుకుంటూ పోవాల్సి వచ్చేది. చమురొచ్చాక ఆ హద్దు పోయింది. సన్నటి తుంపరగా చమురు చల్లితే ఎంత పెద్ద పొయ్యి అయినా ఒకేలా మండుతుంది. 1920లు గడిచేసరికి ఉక్కు నాణ్యత పెరిగింది, ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే డ్రమ్ములొచ్చాయి. ఆవిరిని మరోసారి వేడిచేసి, అందులోని తేమ మొత్తం పోగొట్టే సూపర్‌హీటర్లు మెరుగుపడ్డాయి. పొడి ఆవిరిలో శక్తి ఎక్కువ, టర్బైన్ రెక్కల్ని కోసే నీటి బిందువులూ ఉండవు.

ఇంకో మార్పు బాయిలర్ గది అవతల, ఇంజన్ గదిలో జరిగింది. పాత ఓడల్లో టర్బైన్‌నూ ప్రొపెల్లర్‌నూ ఒకే ఇరుసుకు బిగించేవారు. టర్బైన్ చాలా వేగంగా తిరిగితేనే పొదుపు. ప్రొపెల్లర్ నెమ్మదిగా తిరిగితేనే నీటిని సరిగ్గా తోస్తుంది. ఒకే ఇరుసు మీద రెండూ రాజీపడి, రెండూ నష్టపోయేవి. మధ్యలో గేర్లు పెట్టాక దేని వేగం దానిది. వినడానికి చిన్న సంగతే. కానీ అంత శక్తిని మోసే పళ్ళచక్రాల్ని ఖచ్చితంగా కోయగల యంత్రాలు ముందు పుట్టాలి. చిన్న నౌకల్లో అలవాటైన పనితనం పాత మహానౌకలకు చేరడానికి కొన్నేళ్ళు పట్టింది.

ఈ మూడూ కలిస్తే లెక్క ఎలా మారుతుందో బ్రిటిష్ నౌక ‘రినౌన్’ చెబుతుంది. అందులో మొదట 42 బాయిలర్లు. 1936–39 మధ్య వాటి చోట ఎనిమిది పెట్టారు. యంత్రాల బరువు 2,800 టన్నులు తగ్గింది. ఒక మోస్తరు డిస్ట్రాయర్ బరువుకు మించి!

వార్‌స్పైట్‌లో మిగిలింది 1,500 టన్నులు. బ్రిటన్ దాన్ని వేగానికి వాడుకోలేదు. మరమ్మతుకు ముందూ తర్వాతా ఆ ఓడ దాదాపు 24 నాట్లదే. ఆ బరువును డెక్కుల మీద కవచానికీ విమాన విధ్వంసక ఫిరంగులకూ ఇచ్చారు. ఎందుకంటే ఆకాశం నుంచి బాంబు పడుతుందన్న భయం అప్పటికే పట్టుకుంది. రెండో లాభం చమురు. పూర్తి వేగంలో గంటకు 41 టన్నులు తాగే ఓడ 27 టన్నులతో సరిపెట్టుకుంది. సగం భూగోళం మీద రేవులు కాపలా కాయాల్సిన దేశానికి అదనపు వేగం కన్నా అదనపు దూరం విలువైనది. పోర్ట్స్‌మత్ రేవులో మూడేళ్ళ పైచిలుకు, 23 లక్షల పౌండ్లకు పైగా పట్టింది. అయినా పాత చుక్కాని జబ్బు మాత్రం వదల్లేదు. 1916లో జట్లాండ్ యుద్ధం నడుమ చుక్కాని బిగుసుకుపోయి శత్రువు ఎదుటే గుండ్రంగా తిరిగిన ఓడ ఇది. యంత్రాలన్నీ మార్చాక కూడా అదే రోగం మళ్ళీ తిరగబెట్టింది.

ఇటలీ ఇందుకు పూర్తి విరుద్ధం. దాని సముద్రం చిన్నది, రేవులు దగ్గర, పక్కనే ఫ్రాన్స్ కొత్త నౌకలు కడుతోంది. కాబట్టి వేగమే కావాలి. నాలుగు ఇరుసుల్ని రెండుకు తగ్గించారు, ముందుభాగాన్ని పది మీటర్లకు పైగా సాగదీశారు. 31,000 హార్స్‌పవర్‌ను 75,000 చేశారు. 21.5 నాట్ల ఓడ పరీక్షల్లో 28 దాటింది. దీనికి చెల్లించిన మూల్యం ఫిరంగులు. పదమూడు పెద్ద ఫిరంగుల్లో నడుమ టరెట్‌లోని మూడింటిని తీసేసి ఆ చోటు యంత్రాలకిచ్చారు. అంత శ్రమపడి తెచ్చుకున్న వేగం చివరికి కలాబ్రియా దగ్గర పొగకు మూడోవంతు తగ్గిపోయింది. నాకైతే ఇది ఇటలీ దురదృష్టంలా కాక, బాయిలర్ల సంఖ్య తగ్గినప్పుడు ఒక్కొక్కటి పోగొట్టుకోవడం ఎంత ఖరీదవుతుందో చూపించే లెక్కలా కనిపిస్తుంది. ఇరవై నాలుగింటిలో నాలుగు పోతే ఓడకు పెద్దగా తెలియదు.

జపాన్‌ది ఇంకా పెద్ద సాహసం. ‘కాంగో’ను 1913లో ఇంగ్లండ్‌లో వికర్స్ కంపెనీ కట్టిచ్చింది. 36 బాయిలర్లు, 64,000 హార్స్‌పవర్, 27.5 నాట్లు. మొదటి మరమ్మతులో కవచం, టార్పెడోలను తట్టుకునే పక్కల ఉబ్బులు కలిపేసరికి ఓడ బరువెక్కి వేగం 26కు పడిపోయింది. 1930ల నడుమ రెండోసారి విప్పారు. వెనకభాగాన్ని ఎనిమిది మీటర్లు పొడిగించి, ఎనిమిది కొత్త బాయిలర్లు బిగించి 1,36,000 హార్స్‌పవర్ రాబట్టారు. ఇప్పుడు వేగం 30 నాట్లు. నీటిలో చివరి కొన్ని నాట్లే ఖరీదైనవి. మొదటి వేగం మీద పది శాతం పెరగడానికి శక్తి రెట్టింపుకు మించి కావాల్సి వచ్చింది. అయినా జపాన్ వెనకాడలేదు. విమానవాహక నౌకలతో సమానంగా పరుగెత్తగలిగే కవచ నౌకలు దానికి కావాలి. ఒప్పందం నుంచి బయటపడ్డాక హియీని కూడా ఇలాగే తిరగగట్టి కాంగో తరగతిలోని మిగతా మూడింటి పక్కన నిలబెట్టింది.

మరమ్మతు వంతు రాక ముందే పోయినవీ ఉన్నాయి. బ్రిటన్ గర్వంగా చెప్పుకున్న ‘హుడ్’కు కొత్త యంత్రాలు, కొత్త డెక్కు కవచం 1941లో పెట్టాలనుకున్నారు. ఆ ఏడాది మే 24న అది మునిగింది.

1942 వేసవిలో మన తీరం

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. అవి ‘ర్యూజో’ అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చాయి. అడ్మిరల్ ఓజావా దళం బంగాళాఖాతంలో దూరి ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచింది. అదే సమయంలో దక్షిణాన, సింహళం దగ్గర నగుమో ప్రధాన దళం తిరుగుతోంది. ఐదు విమానవాహక నౌకలు, వాటికి కాపలాగా కాంగో, హరునా, హియీ, కిరిషిమా. నాలుగూ కొత్త బాయిలర్లతో 30 నాట్ల స్థాయికి చేరిన ఓడలే.

ఎదురుగా బ్రిటిష్ తూర్పు నౌకాదళం. అడ్మిరల్ సోమర్‌విల్ జెండా ఎగిరింది సాక్షాత్తూ వార్‌స్పైట్ మీదే. అతని చేతిలో ఇంకో నాలుగు యుద్ధనౌకలున్నాయి. రెజల్యూషన్, రామిలీస్, రాయల్ సావరిన్, రివెంజ్. వార్‌స్పైట్ కన్నా ఇవి ఏడాది రెండేళ్ళు చిన్నవి. కానీ వీటి యంత్రాలు మార్చడం డబ్బు దండగని ముందే తేల్చేశారు. మొదటి ప్రపంచయుద్ధం నాటి బాయిలర్లతోనే నడుస్తున్నాయి, 20 నాట్లు అందుకోవడమే గగనం. రాయల్ సావరిన్ రెండేళ్ళ కిందట కలాబ్రియా యుద్ధంలోనూ ఉంది. వార్‌స్పైట్ ముందుకెళ్ళి కాలుస్తుంటే, అది శత్రువు ఫిరంగి దూరంలోకి చేరకముందే పోరు ముగిసిపోయింది.

సోమర్‌విల్ చేసిందేమంటే, దళాన్ని రెండుగా విడగొట్టాడు. వేగంగా వెళ్ళగలిగే వార్‌స్పైట్‌ను ఇండామిటబుల్, ఫార్మిడబుల్ అనే విమానవాహక నౌకలతో ఒకవైపు, ముసలి నాలుగింటిని మరోవైపు. మూడు రోజులు శత్రువు కోసం కాపు కాశాక ఆ నాలుగింటికీ మంచినీళ్ళు అయిపోవచ్చాయి. సముద్రం మధ్య నీళ్ళ కరువు వింతగా అనిపిస్తుంది. బాయిలర్ గొట్టాల్లోకి ఉప్పు చేరితే అది పేరుకుని, వేడెక్కి, గొట్టం పగులుతుంది. కాబట్టి ఆవిరి ఓడ తన నీటిని తానే స్వేదనం చేసుకుంటూ, లీకుల్లో పోయినదాన్ని భర్తీ చేసుకుంటూ ఉండాలి. మనుషులకూ అదే నీరు. దళం మాల్దీవుల్లోని అడ్డు దీవులకు వెనుదిరిగింది. అది అక్కడికి చేరిన రోజే, ఏప్రిల్ 4న, నగుమో దళం ఒక గస్తీ విమానం కంటబడింది. వార్‌స్పైట్ బృందం ఆ రాత్రే బయల్దేరగలిగింది, మిగతా నాలుగూ కొన్ని గంటల తర్వాత గానీ కదల్లేదు. మర్నాడు కొలంబో మీద దాడి, ఆ మర్నాడు మన తీరం.

మన ఊళ్ళ మీద బాంబులు పడటానికి పాత బాయిలర్లే కారణమని చెప్పడం మోటు లెక్క. జపాను విమానాల సంఖ్య, వాటి సిబ్బంది నైపుణ్యం ముందు సోమర్‌విల్‌కు ఐదు వార్‌స్పైట్‌లున్నా పెద్ద తేడా ఉండేది కాదేమో. పైగా ఎదురుపడకుండా తప్పుకోవడమే ఆ వారం అతను చేసిన తెలివైన పని. అయినా ఏది ఎవరితో కలిసి వెళ్ళాలి, ఎంతసేపు సముద్రంలో ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబు అతని బుర్రలో కన్నా బాయిలర్ గదుల్లోనే ఎక్కువగా ఉంది. దాడి అయ్యాక ముసలి నాలుగింటిని ఆఫ్రికా తూర్పు తీరానికి పంపేశారు.

పగిలిన డ్రమ్ముతో యుద్ధానికి

మన నౌకాదళానికి ఆవిరి కష్టాలు బాగా తెలిసొచ్చింది విమానవాహక నౌక విక్రాంత్‌తో. 1970 జూన్‌లో బొంబాయి రేవులో తనిఖీ చేస్తుండగా దాని బాయిలర్ల నీటి డ్రమ్ముల్లో పగుళ్ళు కనిపించాయి. వెల్డింగ్‌తో అతికే పగుళ్ళు కావవి. మంటా ఒత్తిడీ రోజూ ఎక్కిదిగే చోట ఉక్కు అలసిపోయి లోపల్నుంచే చీలింది. కొత్త డ్రమ్ములు నాలుగు బ్రిటన్‌కు ఆర్డరిచ్చారు. అవి రాకముందే తూర్పున యుద్ధమేఘాలు కమ్ముకున్నాయి. 1965 యుద్ధమప్పుడు కూడా విక్రాంత్ మరమ్మతులోనే ఉండిపోయింది. రెండోసారీ రేవులో కూర్చుంటే విమానవాహక నౌక అన్న మాటకే అర్థం ఉండదని నౌకాదళాధిపతి అడ్మిరల్ నందా భావించాడు.

1971 మార్చిలో ఒత్తిడి తగ్గించి బాయిలర్లు వెలిగించారు. వేగం 14 నాట్లకు పరిమితం చేశారు. అసలు వేగం 24.5. విమానవాహక నౌకకు ఈ తేడా మామూలు ఓడకన్నా కటువుగా తగులుతుంది. విమానం లేవాలంటే ఓడ గాలికి ఎదురు పరుగెత్తాలి, ఆ పరుగే విమానం రెక్కల కింద గాలిని అందిస్తుంది. మిగతాది ఆవిరి కాటపుల్ట్ విసరాలి. ఆ కాటపుల్ట్‌కూ ఆవిరి అవే బాయిలర్ల నుంచి రావాలి. ఇన్ని పరిమితుల మధ్య డిసెంబరు 4 నుంచి సీహాక్, అలిజే విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీదికి ఎగిరాయి. విక్రాంత్‌ను వేటాడటానికొచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ రేవు ముంగిట మునిగిపోయింది. విశాఖ బీచ్ రోడ్డులోని విజయ స్తూపం ఆ యుద్ధానిదే. ఘాజీ మునిగేటప్పటికి విక్రాంత్ అండమాన్‌లలో ఉంది.

ఆ ఓడ బాయిలర్ల అసలు ఆధునికీకరణ 1979 నుంచి 1981 దాకా సాగిన పెద్ద మరమ్మతులో జరిగింది. యుద్ధమప్పుడు లేనిది, యుద్ధమైపోయాక దొరికింది. 1997లో విశ్రాంతి తీసుకుంది.

మన మరో విమానవాహక నౌక విక్రమాదిత్య కథ ఇంకో రకం. సోవియట్ యూనియన్‌లో 1987లో ‘బాకు’గా పుట్టి, తర్వాత ‘అడ్మిరల్ గోర్ష్‌కోవ్’ అయిన ఓడ అది. 1994లో బాయిలర్ గదిలో పేలుడు జరిగాక దాదాపు మూలపడింది. 2004లో భారత్ ఒప్పందం కుదుర్చుకుంది. 97.4 కోట్ల డాలర్ల అంచనా 230 కోట్లు దాటింది. సెవెరొద్విన్స్క్‌లోని సెవ్‌మాష్ రేవులో ఎనిమిది బాయిలర్లనూ చిక్కటి ఫర్నేస్ ఆయిల్ నుంచి డీజిల్‌కు మార్చారు. ఫర్నేస్ ఆయిల్‌ను ముందు వేడిచేస్తే గానీ పారదు, గొట్టాల మీద మసి పేరుస్తుంది. డీజిల్ ఆ బాధ తప్పిస్తుంది.

2012 సెప్టెంబరులో పూర్తి వేగం పరీక్ష. ఎనిమిదింటిలో ఏడు బాయిలర్లు మొరాయించాయని రష్యా పత్రికలు రాశాయి. లోపం ఉష్ణం బయటికి పోకుండా ఆపే పొరలో ఉంది. అక్కడ ఆస్బెస్టాస్ వాడొద్దని భారత్ పట్టుబట్టింది, బదులుగా పెట్టిన అగ్ని ఇటుకలు ఆ వేడికి ఆగలేదు. అప్పగింత మరో ఏడాది వాయిదాపడి 2013 నవంబరులో జరిగింది.

అప్పట్లో ఆ పట్టుదలను కొందరు మొండితనమన్నారు. నేనైతే దాన్ని తప్పుపట్టను. 1930ల నాటి మరమ్మతుల్లో బాయిలర్లకూ ఆవిరి గొట్టాలకూ చుట్టిన తెల్లటి ఆస్బెస్టాస్ మెత్త ఎవరినీ వెంటనే ఏమీ చెయ్యలేదు. ఇరవై, ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత బ్రిటన్ రేవుల్లో, అమెరికా రేవుల్లో దాన్ని చుట్టినవాళ్ళకూ పీకినవాళ్ళకూ ఊపిరితిత్తుల పొరకు క్యాన్సర్ వచ్చింది. ఓడల చరిత్ర పుస్తకాల్లో ఎన్ని టన్నులు ఆదా అయ్యాయో ఉంటుంది, ఈ లెక్క ఉండదు. ఏడాది ఆలస్యం దీనికన్నా చవక.

అమెరికా అయోవా తరగతి నౌకల్ని 1980లలో తిరిగి నిద్రలేపినప్పుడు బాయిలర్ల జోలికి పెద్దగా పోలేదు. 2,12,000 హార్స్‌పవర్ ఇచ్చే ఎనిమిదింటినీ అలాగే ఉంచి ఇంధనం మాత్రం మార్చింది. పొందికగా కట్టిన యంత్రాన్ని అనవసరంగా కెలక్కపోవడం కూడా ఆధునికీకరణలో భాగమే.

ఇక ఇప్పటి సంగతి. మనం సొంతంగా రూపకల్పన చేసుకున్న గోదావరి తరగతి ఫ్రిగేట్లు ఆవిరితో నడిచినవే, వాటి తర్వాతి బ్రహ్మపుత్ర తరగతి మూడూ ఆవిరివే. ప్రపంచమంతా గ్యాస్ టర్బైన్లకూ డీజిళ్ళకూ మళ్ళిన కాలంలో, 2005లో కొలువుకెక్కిన ఐఎన్ఎస్ బియాస్ లోపల బాయిలర్లు రగిలేవంటే ఆశ్చర్యపోయేవాళ్ళున్నారు. అలవాటైన యంత్రం, దేశంలోనే తయారయ్యే టర్బైన్, పనిచేయించడం తెలిసిన మనుషులు. కారణాలు అవే. నష్టమూ తెలిసిందే. చల్లగా ఉన్న బాయిలర్‌ను వెలిగించి ఓడ కదలడానికి గంటలు పడుతుంది. గ్యాస్ టర్బైన్‌కు నిమిషాలు చాలు. సిబ్బంది కూడా ఎక్కువ కావాలి.

2023 అక్టోబరు 16న రక్షణ మంత్రిత్వశాఖ కొచ్చిన్ షిప్‌యార్డుతో 313.42 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. బియాస్ నుంచి ఆవిరి యంత్రాంగాన్ని తీసేసి డీజిల్ ఇంజన్లు పెట్టాలి. ఆ తరగతిలో ఇలా మారుతున్న మొదటి నౌక ఇదే. పూర్తయ్యే గడువు 2026. 1930లలో బాయిలర్లను తగ్గించడంతో మొదలైన లెక్క ఇక్కడ సున్నాకు చేరుతోంది. కొత్త విక్రాంత్ నడిచేది నాలుగు గ్యాస్ టర్బైన్లతో. విక్రమాదిత్యలో మాత్రం ఎనిమిది బాయిలర్లు మండుతూనే ఉన్నాయి. ఆ ఓడ ఉన్నన్నాళ్ళూ లోనావాలాలోని నౌకాదళ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ శివాజీలో ఎవరో ఒకరు కుర్రాళ్ళకు నీటి డ్రమ్ము, ఆవిరి డ్రమ్ము, సూపర్‌హీటర్ అంటే ఏమిటో, గొట్టంలో ఉప్పు చేరితే ఏమవుతుందో మొదట్నుంచీ చెప్పాల్సి ఉంటుంది. వాళ్ళలో చాలామంది మరే ఓడలోనూ ఆ చదువు వాడుకోరు.